పేరు పెట్టని పెయ్య

"దొంగతనానికి వచ్చినవాడు అడ్డకర్రలు మళ్ళీ వరస తప్పకుండా పెట్టి వెళ్తాడా వదినా?"

మియాండ అడిగింది ఆడబిడ్డ చీలోని. వినాల్సింది మాత్రం దొడ్డికి అవతల నీడలో కూచున్న మొగుడు హబీంజు. అతను నాగలి కాడికి తోలుపట్టీ బిగిస్తున్నాడు. బిగించి, విప్పి, మళ్ళీ బిగిస్తున్నాడు. వానలకి ఇంకా చాలా రోజులున్నాయి. ఆ పనికి అంత తొందరేమీ లేదు.

చీలో దొడ్డిలోకి తొంగి చూసింది. ఉన్న పశువులన్నిటినీ కళ్ళతో ఓసారి తడిమింది.

"నిజమే, పెయ్య లేదు" అంది, మియాండ ఇంతసేపూ చెప్పిందేదీ చెవిన పడనట్టు.

పెయ్య లేదన్న సంగతి పొద్దున్నే పాలు పితకడానికి వచ్చినప్పుడే మియాండ చూసింది. గుంజకి పలుపు లేదు. తెగిన పీచుముక్క కూడా లేదు. ఎవరో తీరిగ్గా ముడి విప్పి, తాడుతో సహా నడిపించుకుపోయారు. తల్లి ఆవు అరవలేదు. పరాయి చెయ్యి పడితే ఊరంతా లేచేలా అరిచే ఆవు అది. అంటే వచ్చిన చెయ్యి దానికి తెలిసిన చెయ్యే.

ఆ ఆవుకి పెట్టిన పేరే 'చూస్తూండండి'. చర్చి మిషన్ వాళ్ళు దాన్ని ఇచ్చిన రోజున, మియాండ చేతిలో ఆవు బతికితే గొప్పేనని నవ్విన ఇరుగుపొరుగు చెవిన పడాలని పెట్టిన పేరు. పొద్దునా సాయంత్రం గొంతెత్తి ఆవుని పిలిస్తే చాలు, అనాల్సిన వాళ్ళని అన్నట్టే. ఆ ఊళ్ళో పశువులకి పేర్లు పెట్టేదే అందుకు.

పెయ్యకి మాత్రం ఆమె పేరు పెట్టలేదు. పెడదామని నాలుక మీదికి చాలాసార్లు వచ్చింది. మింగేసింది. పేరు పెట్టినవాళ్ళదే పశువు, అది ఇంకొకరిది కావలసిన పెయ్య. మిషన్ ఆవుకి పుట్టిన మొదటి పెయ్యని, పాలు మరిచాక, సంఘం ముందు ఇంకో ఇంటికి ఇచ్చెయ్యాలి. ఆ ఇల్లు మళ్ళీ మరో ఇంటికి ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు "నా చెయ్యి వదిలింది, నీ చెయ్యి పట్టింది, నాకిక హక్కు లేదు" అని పైకి చెప్పాలి. ఇవ్వకపోతే తల్లి ఆవుని తోలుకుపోతారు.

ఈసారి వంతు వితంతువు లూమునోది. ఇచ్చేది ఆదివారం. ఇవాళ గురువారం.

ఆ దొడ్డిలో తక్కిన పశువులన్నీ హబీంజువి. అతను పోయిన మర్నాడు అవి అతని మేనల్లుడు సియావూమావి, అంటే చీలో కొడుకువి. ఆస్తి తల్లివైపు రక్తానికే వెళ్ళడం అక్కడి కట్టు. దాన్ని తప్పు పట్టినవాళ్ళు లేరు, మియాండ కూడా పట్టలేదు. కాకపోతే ఇన్నేళ్ళ కాపురంలో ఇది నాదని చెయ్యి చూపించగలిగింది 'చూస్తూండండి' ఒక్కదాన్నే. మిషన్ వాళ్ళు దాన్ని ఆడమనిషి పేరు మీదే ఇస్తామన్నారు. ఆ రోజు గుడిలో తాడు పట్టుకుని నిలబడ్డప్పుడు ఆమెకి తన ఎత్తు జానెడు పెరిగినట్టనిపించింది.

"మూనో నాన్నా" అంది ఇప్పుడు. పెద్దకూతురు మూనో అత్తారింటికి వెళ్ళి ఏళ్ళైనా, ఆ పిలుపు మారలేదు. "వెతకడానికి వెళ్ళరా?"

"దొరుకుతుందిలే."

"వెతక్కుండానా?"

హబీంజు పట్టీని పళ్ళతో లాగాడు. నోట్లో తోలు ఉంటే జవాబు చెప్పే పని లేదు.

మొన్నటికి మొన్న కోడిపెట్ట కనబడకపోతే ఇరుగింటి వాళ్ళ కుండ మూతలు కూడా ఎత్తి చూసిన మనిషి. పెయ్యదూడ పోతే నీడలోంచి లేవడం లేదు. మియాండకి కోపమైతే తెలిసేది. ఇది కోపం కాదు, అనుమానం.

"ఆదివారానికి ఉంటుంది. గొంతు చించుకోకు" అన్నాడు చివరికి.

"ఎక్కడ ఉంటుంది?"

చీలో పాలబుర్ర తీసుకుని వంటపాక వైపు వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఒక్కసారి తమ్ముడి వైపు చూసింది. ఆ చూపు మియాండ కంట పడింది.

* * *

ఆ రోజంతా ఇంట్లో మాటలు పొదుపుగా నడిచాయి. సంకటి కెలికారు, ఎండుబెండ కూర వండారు, తిన్నారు. హబీంజు ఎప్పుడూ అడిగినట్టు ఇంకో ముద్ద అడగలేదు. మియాండ ఎప్పుడూ అడిగినట్టు కూర సరిపోయిందా అని అడగలేదు.

మధ్యాహ్నం రోలు దగ్గర వదినా ఆడబిడ్డల్లా కాకుండా అక్కచెల్లెళ్ళలా కలిసి దంచడం వాళ్ళకి అలవాటు. ఒకరి రోకలి లేస్తే ఒకరిది పడుతుంది. దంపుడు మధ్యలో చీలో మెల్లిగా మొదలుపెట్టింది. మగవాళ్ళన్నాక పశువుల్ని అక్కడా ఇక్కడా మేపుకి ఇస్తూనే ఉంటారట. తన తమ్ముడికే ఏ ఊళ్ళో ఎన్ని ఉన్నాయో దేవుడికే తెలియాలట. మేపుకిచ్చిన ఇంటికి అప్పుడప్పుడూ వెళ్ళి చూసి రావాలి కదా అట. ఆ ఇంట్లో ఎవరున్నారన్నది వేరే సంగతి అట.

"ఏ ఇంట్లో ఎవరున్నారు వదినా?"

"నేనెవరి పేరైనా అన్నానా?"

అనలేదు. అనకుండానే పేరు మియాండ నోట్లో పెట్టేసింది. లూమునో ఇల్లు వాగు మలుపు దాటాక ఉంది. కొంతకాలంగా హబీంజు సాయంత్రాలు అటువైపే నడుస్తున్నాడు. ప్రార్థన కూటానికి రమ్మంటే మోకాలు నొప్పి అనే మనిషికి ఆ దారిలో మోకాలు అడ్డం రాలేదు. ఉతికిన చొక్కా కూడా వేసుకుంటున్నాడు. అదంతా చూస్తూనే ఉంది గాని, ఇన్నాళ్ళూ ఆ ముక్కల్ని పక్కపక్కన పెట్టలేదు. ఇప్పుడు చీలో పెట్టి చూపించింది.

అలా చూపించినందుకు చీలో మీద కూడా అనుమానం వచ్చింది. ఏదీ ఊరికే చెప్పే మనిషి కాదు చీలో. ఉప్పు అడిగితే కూడా ఎందుకని అడిగి ఇస్తుంది.

పశువుని మేపుకి ఇవ్వడం ఆ నేల మీద మగవాళ్ళ మధ్య నడిచే పెద్ద స్నేహం. పాలు, దున్నడం పెంచేవాళ్ళవి. పశువూ, దాని సంతానమూ ఇచ్చినవాడివి. పక్కన ఒక సాక్షి ఉంటే చాలు, ఎన్నేళ్ళయినా ఆ హక్కు చెడదు. ఒకడికి ఎన్ని పశువులున్నాయో పెళ్ళానికి కూడా తెలియకపోవడం అక్కడ తప్పు కాదు, తెలివి.

కాని మిషన్ పెయ్యని మేపుకి ఇవ్వడమేమిటి? ఆదివారం హక్కు వదులుకోవలసిన దాని మీద గురువారం హక్కు కట్టడమేమిటి?

ఆలోచించిన కొద్దీ రోకలి బరువెక్కింది. మియాండ దంచడం ఆపేసింది. చీలో ఆపలేదు.

* * *

శుక్రవారం మియాండ చేట ఎరువడిగే వంకతో వాగు మలుపు దాటింది. ఇంట్లో చేటలున్న సంగతి లూమునోకి తెలుసు. ఆమెకి తెలుసని మియాండకి కూడా తెలుసు. వంక అన్నాక ఏదో ఒకటి ఉండాలి.

లూమునో గుడిసె ముందు ఊడ్చిన నేల మీద చీపురు గీతలున్నాయి. ఒక మూల మాత్రం గీతలు లేవు. అక్కడ పచ్చి పేడ ఉంది. ఆ ఇంట్లో పశువన్నది ఉండి చాలాకాలమైంది. మొగుడు పోయినప్పుడు మరుదులు వచ్చి ఎద్దుల్నీ, నాగలినీ, మంచాన్నీ, చివరికి సంకటి కెలికే తెడ్డుని కూడా పట్టుకుపోయారు. ఆ తెడ్డు సంగతి ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

గుడిసె వెనకనుంచి లూమునో గొంతు వినబడింది. "అడక్కండి, ఇటు రా. అడక్కండి, మూతి అందులో పెట్టకు."

మియాండ ఉన్నచోటే నిలబడిపోయింది. పేరు పెట్టేశారు. తాను నాలుక మీదికి వచ్చినా మింగిన పేరుని ఇక్కడ ఎవరో ధైర్యంగా పెట్టేశారు. పేరు కూడా పేరులా లేదు, చెంపదెబ్బలా ఉంది.

వెనక్కి వెళ్ళేసరికి పెయ్య ఆమెని చూసి తాడు సాగదీసి వచ్చింది. అరచెయ్యి నాకింది. లూమునో చేతిలో నీళ్ళ తొట్టి ఉంది. దాన్ని కింద పెట్టడం మరిచిపోయింది.

"చేట కావాలా అక్కా?" అంది.

"వద్దు. ఆ పేరు ఎవరు పెట్టారు?"

తొట్టిలోంచి నీళ్ళు ఆమె పాదాల మీద కారుతున్నాయి.

"మా ఆయన నీకేమవుతాడు?" మియాండ గొంతు పెంచలేదు. పెంచితే ఏడుపు కూడా దాంతోపాటు వచ్చేస్తుందని భయం.

లూమునో ఈసారి తొట్టి దింపింది. నవ్వింది కూడా, అది నవ్వు కాకపోయినా.

"నాక్కావలసింది పశువక్కా. మగాణ్ణి తెచ్చుకుంటే వాడి అన్నదమ్ములు కూడా వెంట వస్తారు. ఒకసారి చూశాను, చాలు."

ఆ మాట ఎంత విసుగ్గా అందంటే, మియాండకి సగం అనుమానం అక్కడే వదిలింది. మిగతా సగం వదల్లేదు. కూచోమంటే కూచుంది. లూమునో మొక్కజొన్న జావ చిబ్వాంటు గిన్నె తెచ్చి ముందు పెట్టింది. పులిసిన ఆ తీపి వాసన తగిలినా మియాండ చెయ్యి చాచలేదు.

లూమునో చెప్పుకొచ్చింది. ఆదివారం తనకి పెయ్య వస్తుందన్న కబురు మరుదులకి అప్పుడే అందిందట. పెద్దవాడు పని కట్టుకుని వచ్చి, గడ్డి ఎక్కడ మేపుతావని అడిగాడట. పొలం తన అన్నది గనక ఆ గడ్డి తిన్న పశువు కూడా ఆ ఇంటిదేనని నవ్వుతూ చెప్పి వెళ్ళాడట. నవ్వుతూ చెప్పిన మాటలే వాళ్ళు చేస్తారట.

"ఆదివారం అది నాదంటే, సోమవారం వాళ్ళదవుతుంది. అందుకే మూనో నాన్నని నేనే అడిగాను. నాదని అనకండి, మేపుకిచ్చానని అనండి అన్నాను. మేపుకిచ్చిన పశువు మీద ఎవరూ చెయ్యి వెయ్యరు కదా. అసలు మనిషికి జవాబు చెప్పాలి. పేరు కూడా అందుకే పెట్టాను, వాళ్ళు వినాలని."

మియాండ పెయ్య వైపు చూసింది. ఆడమనిషి ఇంత తెలివిగా ఆలోచించిందని ఒక పక్క ముచ్చటేసింది. ఇంకో పక్క ఒళ్ళు మండింది.

"నన్నెందుకు అడగలేదు?"

"నువ్వు గుడిలో మాటిచ్చావు. నిన్నడిగితే పాస్టరు అయ్యగారితో చెప్తావనుకున్నాను."

అది నిజమే. చెప్పేదే.

"మేపుకిచ్చిన అసలు మనిషి ఎవరిప్పుడు? మా ఆయనా?"

"మరి మేపుకిచ్చేది మగవాళ్ళే కదక్కా."

"సాక్షి ఎవరు?"

లూమునో కొంచెం తటపటాయించింది. "సాక్షిని నేను పిలవలేదు. నిన్న కోడి కూయకముందు మూనో నాన్న పెయ్యని తోలుకొచ్చేసరికి, వెనకాలే సియావూమా కూడా వచ్చాడు. చూశాను, విన్నాను, గుర్తుంచుకుంటాను అన్నాడు. అనాల్సిన మాటలన్నీ అన్నాడు."

చిబ్వాంటు మీద ఈగ వాలింది. ఇద్దరిలో ఎవరూ తోలలేదు.

మేనల్లుడు సాక్షి. మామ పోతే ఆస్తి ఎవరికి వస్తుందో వాడే సాక్షి. రేపు హబీంజుకి ఏమైనా అయితే, ఈ పెయ్య మా మామది, నా కళ్ళారా చూశానని సియావూమా ఈ వాకిట్లోకే వచ్చి నిలబడతాడు. లూమునోకి అప్పుడు మరుదులకి బదులు సియావూమా. ఆ పిల్లకి అది తట్టలేదు.

మియాండకి తట్టింది ఇంకొకటి. ఆ ఊళ్ళో చంటిబిడ్డ కూడా ఎరిగిన లెక్క అది. పెయ్య ఎవరిదో తల్లి కూడా వాళ్ళదే. తల్లి తనది కానివాడు పెయ్యని మేపుకి ఇవ్వలేడు. పెయ్యని ఇచ్చినవాడు హబీంజు అని సాక్షి చూశాడంటే, తల్లి 'చూస్తూండండి' కూడా హబీంజుదే. ఒక్క తెల్లవారుజామున, ఒక్క ముడి విప్పి, ఆవుని ఆమె చేతిలోంచి తీసేసుకున్నారు. ఆవు మాత్రం ఇంకా ఆమె దొడ్డిలోనే ఉంది, పాలు ఆమే పితుకుతోంది.

"అక్కా, నేను చెడ్డ పని చేశానా?" అంది లూమునో.

మియాండ లేచింది. చేట అడగలేదు.

* * *

శనివారం పొద్దున హబీంజు గొడ్డలికి పదును పెడుతున్నాడు. మియాండ ఎదురుగా వచ్చి పీట వేసుకుని కూచుంది. వంటపాకలో చీలో ఒక్కతే దంచుతోంది. రోకలి చప్పుడు ఆగకుండా వస్తోంది.

"లూమునో ఇంటికి వెళ్ళాను."

గొడ్డలి మీద రాయి ఆగి, మళ్ళీ కదిలింది. "అయితే తెలిసిందిగా" అన్నాడు. "ఆ పిల్ల ఏడ్చింది. సాయం చేశాను. ఆదివారం గుడిలో మామూలుగానే ఇస్తాం. ఇచ్చినట్టు సంఘానికి, మేపుకిచ్చినట్టు మరుదులకి. ఎవరికీ నష్టం లేదు."

"నాతో ఒక్క మాట చెప్పి ఉంటే?"

"నువ్వు ఒప్పుకునేదానివా?"

అతను అబద్ధమాడుతున్నట్టు లేదు. అందుకే ఆమెకి ఎక్కువ భయమేసింది. అబద్ధమాడే మొగుడైతే పట్టుకోవచ్చు. మంచి పని చేశాననుకుంటున్న మొగుణ్ణి ఎక్కడ పట్టుకోవాలి?

"సియావూమాని ఎందుకు పిలిచారు?"

"పిలవలేదు. దారిలో కనబడ్డాడు."

"కోడి కూయకముందు, వాగు దారిలో. పొద్దు ఎక్కేదాకా నిద్రలేవని ఆ మనిషి."

హబీంజు గొడ్డలి అంచుని బొటనవేలితో చూసుకున్నాడు. అది అప్పటికే పదునుగా ఉంది.

"మేపుకిచ్చే పనికి సాక్షి ఉండాలి కదా" అన్నాడు. "మా అక్కే అంది, సాక్షి లేకుండా చెయ్యకురా అని."

వంటపాకలో రోకలి చప్పుడు ఆగిపోయింది.

ఇద్దరూ అటు చూశారు. పాక గుమ్మంలోంచి ఎవరూ బయటికి రాలేదు. రోకలి మళ్ళీ పడలేదు.

"మూనో నాన్నా" అంది మియాండ, ఆ పాకలోకి కూడా వినబడేలా. "పెయ్య మీదైతే తల్లి ఎవరిది?"

హబీంజు ఆమె మొహంలోకి చూశాడు. ఆ ప్రశ్న తనకెప్పుడూ రాలేదన్నట్టు చూశాడు. లేక వచ్చి, ఎవరో అది పక్కన పెట్టెయ్యమంటే పెట్టేశాడో. ఇన్నేళ్ళు కలిసి ఒకే కుండలో తిన్నా, ఆ రెంటిలో ఏది నిజమో ఆమెకి తెలియలేదు. తెలియనందుకు ఏడుపొచ్చింది. పీట తీసి గోడకి ఆనించి వచ్చేసింది.

కాసేపటికి చీలో బయటికి వచ్చి, రోకలి పొన్ను ఊడిందని, బాగు చేసుకుంటున్నానని, అడగని వాళ్ళకి కూడా చెప్పింది.

* * *

ఆదివారం పొద్దున్నే మియాండ తానే వాగు మలుపు దాటి పెయ్యని తోలుకు రావడానికి వెళ్ళింది. గుడికి దాన్ని నడిపించుకు వెళ్ళాల్సింది ఇచ్చే మనిషే. లూమునో కూడా తయారై ఉంది. ఉతికిన చిటెంగె గుడ్డ నడుముకి కట్టుకుంది. కళ్ళు మాత్రం నిద్రలేనివి.

దారిలో మియాండ చెప్పాల్సింది చెప్పింది. పెయ్య లూమునోదే. అందులో మాట మార్పు లేదు. కానీ అడగడానికి వచ్చిన వాళ్ళకి ఇది ఎవరి చేతినుంచి వచ్చిందో, దీని మీద చెయ్యి వేస్తే ఎవరికి జవాబు చెప్పాలో సంఘం ముందు పైకి చెప్పాలి. చెప్పేది మియాండ. సాక్షి ఒక్కడు కాకుండా గుడి మొత్తం సాక్షి. అయితే ముందు తల్లి మియాండదని తేలాలి. అది తేలకుండా తాను ఏమన్నా గాలిలో మాటే.

"తేల్చేదెవరక్కా?"

"ఆయనే. నేనడుగుతాను. నేనడిగేదాకా నువ్వు తాడు పట్టుకోకు. అయ్యగారు పట్టుకోమన్నా సరే."

లూమునో తలూపింది. కొంతదూరం నడిచాక, మూనో నాన్న మంచివాడే కదా అంది. మియాండ పెయ్యని అదిలించింది.

గుడి రేకుల కప్పు అప్పటికే వేడెక్కింది. ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు. గుడి మొహం చూడని లూమునో మరుదులిద్దరూ ఆ రోజు గుమ్మం దగ్గర బల్ల మీద టోపీలు ఒళ్ళో పెట్టుకుని కూచున్నారు. మగవాళ్ళ వైపు ముందు వరసలో సియావూమా ఇస్త్రీ చొక్కాతో ఉన్నాడు. అతనూ అంత తొందరగా వచ్చే మనిషి కాదు. మేనమామ పక్కనే కూచున్నాడు, మోచెయ్యి తగిలేంత దగ్గరగా. చీలో ఆడవాళ్ళ వైపు నడిమి వరసలో కూచుని, పాటల పుస్తకం తిరగేసి పట్టుకుంది.

పాటయ్యింది, ప్రార్థనయ్యింది. పాస్టరు మ్వీంబా అయ్యగారు పెయ్యని గుమ్మంలోకి తీసుకురమ్మన్నారు. అది తాడు పట్టుకున్న మియాండ వెనకాలే చక్కగా నడిచి వచ్చి, నడవ మధ్యలో పేడ వేసింది. పిల్లలు నవ్వారు. అయ్యగారు కూడా నవ్వి, దేవుడు మనకిచ్చిన వాటిల్లో అది కూడా ఉంది అన్నారు.

"మియాండమ్మా, చెప్పమ్మా."

ఆ మాటలు ఆమెకి నిద్రలో లేపి అడిగినా వచ్చు. నా చెయ్యి వదిలింది. అంతవరకు వచ్చి ఆగింది. వెనకనుంచి ఎవరో, భయపడుతోందిలే అన్నారు.

"అయ్యగారూ, ఈ మాట నేను చెప్తాను. చెప్పకుండా ఇంటికి వెళ్ళను. దానికి ముందు ఒక సంగతి అడగాలి, సంఘం ముందే."

అయ్యగారి కనుబొమలు దగ్గరకొచ్చాయి. పెయ్యల విషయంలో ఆయన చాలా వంకలు విన్నవాడు. చచ్చిపోయిందన్న పెయ్యలు పక్కూళ్ళో మేస్తుంటే చూసినవాడు. "ఇచ్చే రోజున ప్రశ్నలేమిటమ్మా?" అన్నారు. ఆ గొంతులో నవ్వు లేదు.

"నేను ఇవ్వననడం లేదు. ఎవరిదిస్తున్నానో తేల్చుకుంటున్నాను."

గుడిలో విసనకర్రలు ఆగాయి. గుమ్మం దగ్గర మరుదుల్లో పెద్దవాడు ముందుకి వంగాడు. లూమునో చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. చెప్పినట్టే తాడు అందుకోలేదు.

మియాండ మగవాళ్ళ వైపు తిరిగింది.

"మూనో నాన్నా, నిన్న అడిగాను, మీరు చెప్పలేదు. ఇప్పుడు లేచి చెప్పండి. ఈ పెయ్య తల్లి ఎవరిది?"

చిన్న ప్రశ్న. ఆమెదని ఒక్క మాట అంటే సియావూమా సాక్ష్యం అక్కడికక్కడే చెల్లదు. లూమునో పెయ్య లూమునోకి మిగులుతుంది. మియాండ ఆవు మియాండకి మిగులుతుంది. అతని మంచితనం కూడా అతనికి మిగులుతుంది. సియావూమా చొక్కా మెడ సర్దుకుని, కాళ్ళు కింద గట్టిగా ఆనించి, అవసరమైతే తానూ లేవడానికి సిద్ధంగా కూచున్నాడు.

హబీంజు మెల్లిగా లేచాడు. టోపీ చేతిలో నలిపాడు. నోరు తెరిచాడు.

తెరిచి, ముందు ఆడవాళ్ళ వైపు చూశాడు. పెళ్ళాం వైపు కాదు. నడిమి వరసలో, పాటల పుస్తకం తిరగేసి పట్టుకున్న అక్క వైపు.

మియాండ తాడుని మణికట్టుకి ఇంకో చుట్టు చుట్టుకుంది.